వాక్యూమ్ ఎందుకు పడిపోయింది?



మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ కథను అక్కడి నుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. కానీ కొండాపూర్, లింగంపల్లి దాటుకుని రామచంద్రాపురం దాకా వెళితే, అంతకు మూడు దశాబ్దాల ముందే మొదలైన మరో కథ ఎదురవుతుంది. చెకోస్లొవేకియా సాంకేతిక సహకారంతో 1960ల్లో అక్కడ వెలసిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారమే ఇప్పటి బీహెచ్ఈఎల్. ఐటీ ఉద్యోగులు రోజూ సిటీ బస్సు బోర్డుల మీద చదివే పేరు అది. ఆవిరి టర్బైన్లు, వాటి కింద అమర్చే కండెన్సర్లు, పంపులు అక్కడ తయారై దేశంలోని విద్యుత్ కేంద్రాలకూ, చక్కెర మిల్లులకూ, కాగితపు మిల్లులకూ వెళ్లాయి. సైబరాబాద్‌లో అర్ధరాత్రి వెలిగే అద్దాల మేడల వెనుక రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల తిరిగే టర్బైన్ ఉంటుంది. ఆ టర్బైన్ కింద కండెన్సర్ ఉంటుంది. ఆ కండెన్సర్ ఆరోగ్యం గురించే ఈ ప్రసంగం.

థర్మల్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘వాక్యూమ్ పడిపోతోంది.’ ఆ మాట వినగానే చాలామంది చూపు ముందుగా వాక్యూమ్ పంపు వైపే వెళుతుంది. పంపు విప్పుతారు, షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండ్ సీలు మారుస్తారు, మళ్లీ బిగిస్తారు. చాలాసార్లు గేజ్ ముల్లు కదలకుండా అక్కడే ఉంటుంది. ఎందుకంటే వాక్యూమ్‌ను తయారుచేసేది ప్రధానంగా పంపు కాదు, చల్లటి నీళ్లు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిన ఇంజినీరు సగం జబ్బును కుర్చీలోంచి లేవకుండానే గుర్తుపట్టగలడు.

అదెలాగో చూద్దాం. పని ముగించుకున్న ఆవిరి టర్బైన్ చివరి గుండా కండెన్సర్‌లోకి దిగుతుంది. లోపల వేల సంఖ్యలో సన్నని ట్యూబులు, వాటి గుండా చల్లటి నీరు. ట్యూబుల బయటి గోడ తగలగానే ఆవిరి నీరవుతుంది. 46 డిగ్రీల దగ్గర ఒక కిలో ఆవిరి దాదాపు 14,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అదే కిలో నీరైతే ఒక లీటరు. అంత చోటు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం ఎంత గాఢంగా ఉంటే ఆవిరి టర్బైన్‌లో అంత కిందికి వ్యాకోచించి, అంత ఎక్కువ పని చేసిపెడుతుంది. కిలో ఆవిరిని చల్లార్చడానికి సుమారు 50 కిలోల నీరు ప్రవహించాలి. ఇంతటి పని ట్యూబుల్లో నీరు చేస్తుంటే, పంపు వంతుకు వచ్చేది మిగిలిపోయిన గాలిని బయటికి తోడెయ్యడం మాత్రమే.

ఆవిరిని సిలిండర్ బయట, విడి పాత్రలో చల్లబరచాలన్న ఆలోచన జేమ్స్ వాట్‌కు 1765లో వచ్చింది; 1769లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు న్యూకమెన్ ఇంజన్ సిలిండర్‌లోనే చన్నీళ్లు చిమ్మి ఆవిరిని చల్లార్చేది. మళ్లీ ఆ సిలిండర్‌ను వేడి చెయ్యడానికే బొగ్గు తగలబడిపోయేది. వాట్ ఆ కండెన్సర్‌తో పాటు గాలిని తోడే పంపును కూడా పెట్టాడు. అంటే ఈ జంట పుట్టుక నుంచీ జంటే.

హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తది కాదు. నిజాం ప్రభుత్వ కాలంలో, 1920 నాటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వచ్చింది. దాన్ని చెరువు గట్టున పెట్టడం వెనుక అందం కోసం ఆరాటమేమీ లేదు. కండెన్సర్‌కు నీళ్లు కావాలి, చెరువు పక్కనే ఉంది. ఈనాడు ఆ చోట ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ ఉన్నాయి. సినిమా చూసి బయటికొచ్చే కుర్రవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఈ నగరానికి కరెంటు పంపిన టర్బైన్లు ఒకప్పుడు ఆ పరిసరాల్లోనే తిరిగాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. వాక్యూమ్ పడిపోయిందంటే కారణం ఏది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. కండెన్సర్‌లోకి చల్లటి నీరు 30 డిగ్రీల వద్ద వెళ్లి, 40 డిగ్రీల వద్ద బయటికి వస్తోంది. లోపల ఆవిరి 45 డిగ్రీల వద్ద నీరవుతోంది. 45 డిగ్రీలకు సరిపడే పీడనం దాదాపు 72 మిల్లీమీటర్ల పాదరసం. ఇది ఆరోగ్యంగా ఉన్న కండెన్సర్. కొన్నాళ్లకు, అదే లోడు మీద, ఆ పీడనం 92 మిల్లీమీటర్లకు చేరింది. అంటే ఆవిరి ఉష్ణోగ్రత 50 డిగ్రీలు ఉండాలి. పీడనం అంత పెరిగింది కనుక గేజ్ మీద వాక్యూమ్ 20 మిల్లీమీటర్లు పడిపోయింది. గేజ్ చెప్పేది అంతే. ఎందుకు పడిందో అది చెప్పదు. కారణం చెప్పేవి చుట్టూ ఉన్న థర్మామీటర్లు.

లోపలికి వెళ్లే నీరే 35 డిగ్రీలు ఉండి, బయటికి 45 వద్ద వస్తుంటే, కండెన్సర్‌లో ఏ దోషమూ లేదు. ఆవిరికీ బయటికి వచ్చే నీటికీ తేడా మునుపటిలాగే 5 డిగ్రీలు. జబ్బు కూలింగ్ టవర్‌లో ఉంది, లేదా వాతావరణంలో ఉంది. నీరు 30 వద్దే వెళ్లి 45 వద్ద బయటికి వస్తుంటే, 10 డిగ్రీలు వేడెక్కాల్సిన నీరు 15 డిగ్రీలు వేడెక్కింది. అదే వేడిని తక్కువ నీరు మోస్తోందన్నమాట. ప్రవాహం మూడింట రెండు వంతులకు తగ్గింది. సర్క్యులేటింగ్ పంపు, సగం మూసుకుపోయిన వాల్వు, చెత్త పట్టిన జల్లెడ, ట్యూబులకు నీరు పంచే వాటర్‌బాక్సు పైభాగంలో చిక్కుకున్న గాలి, వీటిని వెతకాలి.

మూడో చిత్రం కాస్త చిక్కైనది. నీరు 30 వద్ద వెళ్లి 40 వద్దే వస్తోంది. ప్రవాహం సరిపోయింది, వేడీ అంతే. కానీ ఆవిరి మాత్రం 50 దగ్గర ఉంది. 5 ఉండాల్సిన తేడా 10 అయింది. వేడి ఆవిరి నుంచి నీటిలోకి దాటలేకపోతోంది. మధ్యలో ఏదో అడ్డుంది. ఆ అడ్డు ట్యూబు లోపల పేరుకున్న సున్నపు పొర కావచ్చు, పాచి కావచ్చు. లేదా ట్యూబు బయట కమ్ముకున్న గాలి కావచ్చు. మొదటి రెండూ అయితే ట్యూబులు శుభ్రం చెయ్యాలి. గాలి అయితే ఆ శ్రమంతా వృథా.

ఈ రెండింటినీ విడదీసే ఆధారం కండెన్సర్ అడుగున, ఆవిరి నీరై చేరే హాట్‌వెల్‌లో దొరుకుతుంది. గాలి చేరినప్పుడు, గేజ్ చూపే పీడనంలో కొంత భాగం గాలిదే. ఆవిరి వాటా తగ్గింది కనుక ఆవిరి తన అసలు ఉష్ణోగ్రత కంటే చల్లగా నీరవుతుంది. పీడనం లెక్క ప్రకారం 50 డిగ్రీలు ఉండాల్సిన హాట్‌వెల్ నీరు 44, 45 డిగ్రీలే ఉంటుంది. దాంతో పాటు ఆ నీటిలో కరిగిన ఆక్సిజన్ పెరుగుతుంది. ల్యాబ్ వాళ్లు రాసే ఆక్సిజన్ అంకెకూ, కంట్రోల్ రూములో వాక్యూమ్ గేజ్‌కూ సంబంధం ఉందని గుర్తించక, రెండు విభాగాలూ వేర్వేరుగా తలలు పట్టుకోవడం అరుదేమీ కాదు. హాట్‌వెల్ వేడిగానే ఉండి, ఆక్సిజన్ పెరగకపోతే మాత్రం అనుమానం ట్యూబుల మీదికి వెళ్లాలి. హాట్‌వెల్ మట్టం పెరిగి కింది వరస ట్యూబులు మునిగినా నీరు చల్లబడుతుంది కాబట్టి, మట్టం కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

నాలుగు జబ్బులు, గేజ్ మీద ఒకే అంకె. పంపు విప్పడానికి ముందు ఈ నాలుగు ఉష్ణోగ్రతలు కాగితం మీద రాసి చూసే అలవాటు ప్రతి షిఫ్టుకూ ఉండాలి. దీనికి ఖర్చు లేదు, యంత్రం ఆపనక్కర్లేదు.

అసలు ఆ గేజ్‌ను చదవడంలోనే ఒక తేడా ఉంది. మామూలు వాక్యూమ్ గేజ్ చూపేది బయటి గాలి పీడనం కంటే లోపలి పీడనం ఎంత తక్కువో. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్లు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఇక్కడ గాలి పీడనం 712 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. విశాఖపట్నంలో గేజ్ 650 చూపితే లోపల 110 మిల్లీమీటర్ల పీడనం మిగిలి ఉంది. ఆవిరి 53 డిగ్రీలు దాటి ఉంటుంది. పటాన్‌చెరులో అదే 650 చూపితే మిగిలింది 62 మాత్రమే. ఆవిరి 42 డిగ్రీలు. మొదటిది ఆందోళన పడాల్సిన స్థితి, రెండోది మెచ్చుకోవాల్సిన స్థితి. సముద్రతీరంలో పనిచేసి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన వాళ్లు, పాత ప్లాంటులో చూసిన 690 ఇక్కడ రావడం లేదని పంపును తప్పుపడితే, ఆ పంపు పాపం ఏమీ చెయ్యలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడి బారోమీటర్ దిగినప్పుడు కూడా మామూలు వాక్యూమ్ గేజ్ అంతే తగ్గించి చూపుతుంది. అందుకే పూర్తి శూన్యం నుంచి లెక్కించే పీడనాన్ని చూపే పరికరం ఉండాలి; లేని చోట గేజ్ పక్కన బారోమీటర్ అంకె కూడా రాయాలి.

వాతావరణం గురించి మరో మాట. మే నెలలో హైదరాబాద్‌లో 42 డిగ్రీల ఎండ ఉంటే కూలింగ్ టవర్ చేతులెత్తేస్తుందని అనుకోవడం సహజం. నిజానికి కూలింగ్ టవర్‌కు ముఖ్యం గాలి వేడి కాదు, గాలి ఎంత తేమను తీసుకోగలదన్నది. 42 డిగ్రీల పొడి ఎండలో, తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది. విశాఖలో 34 డిగ్రీల ఉక్కపోతలో, తేమ 70 శాతం ఉన్న రోజున, అదే థర్మామీటర్ 29 దాటుతుంది. అంటే తెలంగాణ ఎండ కంటే తీరంలోని ఉక్కపోతే కండెన్సర్‌కు కష్టం. హైదరాబాద్‌లో మే కంటే వానలు మొదలైన జూన్, జులైలలో వాక్యూమ్ మెల్లగా దిగితే, అది పంపు జబ్బు కాకపోవచ్చు.

పంపుకు జబ్బు రాదని కాదు. వస్తుంది. ఈ ప్లాంట్లలో ఎక్కువగా కనిపించేది వాటర్ రింగ్ పంపు. గుండ్రటి డొక్కులో ఇంపెల్లర్ మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. తిరుగుతుంటే నీరు డొక్కు గోడకు అతుక్కుని వలయంగా ఏర్పడుతుంది. ఒక వైపు రెక్కల మధ్య చోటు పెరిగి గాలిని పీలుస్తుంది, మరో వైపు చోటు తగ్గి గాలిని బయటికి నెడుతుంది. ఇందులో రాపిడి పడే పిస్టన్ లేదు, ఆ పని నీళ్లదే. దాని బలమూ బలహీనతా ఆ నీళ్లే.

వలయం కట్టే ఆ నీటిని సీల్ వాటర్ అంటారు. అది 30 డిగ్రీలు ఉంటే దాని సొంత ఆవిరి పీడనం 32 మిల్లీమీటర్లు. 40 డిగ్రీలకు చేరితే 55. 45కు చేరితే 72. కండెన్సర్‌లో 72 మిల్లీమీటర్ల పీడనం కావాలని కోరుతూ, సీల్ వాటర్‌ను 45 డిగ్రీల దగ్గర ఉంచితే ఏమవుతుంది? పంపు లోపల నీరే మరిగి, ఆ ఆవిరే చోటంతా ఆక్రమిస్తుంది. పంపు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది, గాలిని మాత్రం తొయ్యదు. లోపల గులకరాళ్లు వేసి తిప్పినట్టు చప్పుడు వస్తే అది అదే జబ్బు. ఆ బుడగలు పేలి పేలి ఇంపెల్లర్ రెక్కలను తినేస్తాయి. చాలా చోట్ల దీనికి మూలం పంపు పక్కనే ఉన్న చిన్న కూలర్. సీల్ వాటర్‌ను చల్లబరిచే ఆ కూలర్ ప్లేట్లలో మట్టి, సున్నం పేరుకుంటాయి. పెద్ద కండెన్సర్ మీద ఉన్న శ్రద్ధ ఈ చిన్న పెట్టె మీద ఉండదు. ఇది మారాలి. కూలర్ శుభ్రం చేస్తే పంపు అదే దారికి వచ్చిన ప్లాంట్లు ఎన్నో.

పంపును నిర్దోషి అని తేల్చడానికి ఒక సులువైన దారి ఉంది. స్టాండ్‌బై పంపును కూడా వేసి చూడాలి. వాక్యూమ్ వెంటనే మెరుగైతే, గాలి ఎక్కువగా చొరబడుతోంది, లేదా మొదటి పంపు బలహీనపడింది. రెండు పంపులు తిరుగుతున్నా తేడా రాకపోతే, గాలి సమస్య కాదు. ట్యూబుల వైపు, నీళ్ల వైపు వెళ్లాలి. ఆ తర్వాత తయారీదారు చెప్పిన పద్ధతిలో, కొద్ది క్షణాలు మాత్రమే, పంపు సక్షన్ వాల్వు మూసి, అది ఒంటరిగా ఎంత లాగగలదో చూస్తే పంపు శక్తి తేలిపోతుంది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల వైపు మందుల పరిశ్రమల్లోనూ, చక్కెర మిల్లుల్లోనూ పంపు బదులు స్టీమ్ ఎజెక్టర్లు కనిపిస్తాయి. అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు. అధిక పీడనంలో ఉన్న ఆవిరి సన్నని నాజిల్ గుండా ధ్వనికి మించిన వేగంతో దూసుకొచ్చి, పక్కనున్న గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. కదిలే భాగం లేదు కనుక పాడవదనే భ్రమ దీనికి ఉన్న పెద్ద ప్రమాదం. తడి ఆవిరి వస్తే అందులోని నీటి బొట్లు నాజిల్‌ను అరగదీస్తాయి. బాయిలర్ మీద మరో విభాగం ఒక్కసారిగా లోడు వేస్తే ఆవిరి పీడనం పడిపోయి ఎజెక్టర్ తడబడుతుంది. గేజ్ ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఎజెక్టర్ దశల మధ్య ఉండే ఇంటర్ కండెన్సర్ నుంచి దిగే డ్రెయిన్ గొట్టంలో నీటి సీల్ తెగిపోతే, బయటికి పంపిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. ఆవిరి లైనులో స్టీమ్ ట్రాప్ పనిచేస్తోందా, నాజిల్ బోరు కొత్తప్పటి కొలతకు ఎంత పెరిగింది, ఈ రెండూ చూడకుండా ఎజెక్టర్ మార్చేస్తే కొత్తదీ అదే గతి పడుతుంది.

ఇక గాలి. అది ఎక్కడి నుంచైనా రాగలదు. టర్బైన్ చివర గ్లాండ్లలో సీలింగ్ ఆవిరి తక్కువైతే అక్కడి నుంచి. కండెన్సర్‌కూ టర్బైన్‌కూ మధ్య ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింట్ పగిలితే అక్కడి నుంచి. వాక్యూమ్ బ్రేకర్ వాల్వు మీద నిలవాల్సిన నీటి సీల్ ఎండిపోతే అక్కడి నుంచి. కండెన్సేట్ పంపు గ్లాండు, లెవెల్ గేజ్ గ్లాసు జాయింటు, డ్రెయిన్ వాల్వుల స్పిండిళ్లు, లో ప్రెషర్ హీటర్ల వెంట్లు, టర్బైన్ మీది రప్చర్ డయాఫ్రం... జాబితా ఇంకా ఉంది. లోపలికి పీల్చే లీకు కనుక పైకి ఆవిరి చిమ్మదు, నీళ్లు కారవు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

ముందుగా లీకు ఎంతో తేల్చాలి. లోడు స్థిరంగా ఉంచి, పంపు వైపు గాలి వాల్వు కాసేపు మూసి, నిమిషానికి వాక్యూమ్ ఎంత పడుతోందో చూస్తారు. ఇదే వాక్యూమ్ డ్రాప్ పరీక్ష. ప్లాంటు కొత్తగా మొదలైనప్పుడు తీసిన అంకెతో దాన్ని పోల్చాలి. ఆ పాత అంకె చాలా చోట్ల దొరకదు. ఎక్కడో ఒక ఫైలులో మూలుగుతుంటుంది. దాన్ని వెతికి తీసి కంట్రోల్ రూము గోడకు అంటించిన ఇంజినీరు తన తర్వాత వచ్చేవాళ్లకు పెద్ద మేలు చేసినట్టే.

తర్వాత లీకు ఎక్కడో వెతకాలి. పాతకాలం వాళ్లు కొవ్వొత్తి వెలిగించి జాయింట్ల దగ్గర పెట్టేవారు. జ్వాల లోపలికి వంగితే అక్కడ లీకు. కానీ పెద్ద జనరేటర్లను హైడ్రోజన్‌తో చల్లబరుస్తారు కనుక, వాటి పరిసరాల్లో నిప్పు అన్న మాటే ఎత్తకూడదు. యూనిట్ ఆగి ఉన్నప్పుడు కండెన్సర్ ఆవిరి భాగాన్ని నీళ్లతో నింపి, ఎక్కడ కారుతుందో చూడడం నమ్మకమైన పద్ధతి. నడుస్తున్న యూనిట్‌కు హీలియం పరీక్ష. అనుమానం ఉన్న జాయింటు దగ్గర కొద్దిగా హీలియం వదులుతారు. వాక్యూమ్ పంపు బయటికి వదిలే గాలిలో డిటెక్టర్ పెడతారు. మామూలు గాలిలో హీలియం పది లక్షల వంతుల్లో అయిదు వంతులే కనుక, కొద్దిగా ఎక్కువైనా డిటెక్టర్ పసిగడుతుంది. హీలియం తేలికైన వాయువు, పైకి పోతుంది. అందుకని వెతుకులాట టర్బైన్ అంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి. కింది నుంచి మొదలుపెడితే పైన ఉన్న లీకు దాన్ని పీల్చుకుని, కిందనే దోషం ఉందని తప్పుదారి పట్టిస్తుంది.

ట్యూబుల సంగతి వేరు. అక్కడ ఊరూ, నీళ్లూ మారితే జబ్బు మారుతుంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి కృష్ణ నీళ్లు ప్రకాశం బ్యారేజీ ఎగువ నుంచి వస్తాయి. నది నీటితో పాటు నాచు, గుర్రపుడెక్క, నత్తగుల్లలు రావడం సహజం. జల్లెడలే అక్కడ కండెన్సర్‌కు కాపలాదార్లు. పరవాడ దగ్గరున్న సింహాద్రి కేంద్రంలో చల్లబరిచేది సముద్రపు నీరు. అక్కడి కూలింగ్ టవర్ల ఎత్తు 165 మీటర్లు. అక్కడ ఒక్క ట్యూబుకు చిల్లు పడినా ఉప్పు నీరు బాయిలర్ దాకా వెళుతుంది. మంచినీటి కండెన్సర్‌లో చిన్న చిల్లును కొన్ని గంటలు భరించవచ్చు. ఉప్పునీటి దగ్గర ఆ వెసులుబాటు లేదు. కండెన్సేట్ కండక్టివిటీ మీటరు ముల్లు కదిలిన క్షణమే పరిగెత్తాలి. మంచినీటి ప్లాంట్లలో ఒక పాత ఉపాయం ఇప్పటికీ వాడుతుంటారు. నీరు లోపలికి వెళ్లే చోట రంపపు పొట్టు వేస్తారు. కండెన్సర్ లోపలి శూన్యం ఆ పొట్టును చిల్లులోకి లాక్కుని తాత్కాలికంగా పూడ్చుకుంటుంది. షట్‌డౌన్ దొరికే వరకు అది కాపాడుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లతో వచ్చే బాధ గట్టిదనం. గ్రానైట్ నేల లోతుల్లోంచి తోడిన ఆ నీరు కూలింగ్ టవర్‌లో ఆవిరవుతున్న కొద్దీ లవణాలు చిక్కబడతాయి. సున్నం ట్యూబుల గోడల మీద పొరగా కడుతుంది. ట్యాంకర్ నీళ్లు ఒక రోజు ఒక చోటివి, మరో రోజు మరో చోటివి అయితే, ఏ మోతాదు రసాయనం వెయ్యాలో లెక్క తప్పుతుంది. పెద్ద ప్లాంట్లలో ట్యూబు కంటే కాస్త లావైన స్పాంజి బంతులను నీటితో పాటు పంపి, తిరిగి పట్టుకుని, మళ్లీ పంపుతుంటారు. అవి ట్యూబులను తుడుచుకుంటూ వెళతాయి. వంద బంతులు వేస్తే ఎన్ని తిరిగొచ్చాయో ఎవరూ లెక్కపెట్టని చోట, కొన్నాళ్లకు ఆ వ్యవస్థ ఉన్నా లేనట్టే.

హైటెక్ సిటీ వాళ్లకు ఇదంతా దూరపు సంగతి అనిపించవచ్చు. కానీ రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ మేడల డాబాల మీదా, సెల్లార్లలోనూ ఉండే చిల్లర్లు ఇదే కుటుంబం. వాటిలోనూ కండెన్సర్ ఉంది, కూలింగ్ టవర్ ఉంది, అదే గట్టి నీరు ఉంది. కరెంటు బిల్లు పెరిగినప్పుడు రిఫ్రిజిరెంట్‌కూ, బయటికి వచ్చే నీటికీ మధ్య తేడాను చూసే ఫెసిలిటీ ఇంజినీరు, రామగుండం షిఫ్ట్ ఇంజినీరు చూసే అంకెనే చూస్తున్నాడు. ఆవిరితో లేదా వృథా వేడితో నడిచే అబ్జార్ప్షన్ చిల్లర్లలో అయితే శూన్యం మరీ లోతు. 6.5 మిల్లీమీటర్ల పీడనం దగ్గర నీరు 5 డిగ్రీలకే మరుగుతుంది. ఆ మరుగుడే గదిని చల్లబరుస్తుంది. ఆ పెట్టెలోకి గుక్కెడు గాలి చేరినా చల్లదనం పడిపోతుంది. అక్కడ కాపలా కాసేది ఒక చిన్న పర్జ్ పంపు.

దీని విలువ ఎంత? 10 మిల్లీమీటర్ల వాక్యూమ్ పోతే, అదే కరెంటుకు సుమారు 1 శాతం ఎక్కువ వేడి కావాలని విద్యుత్ ఇంజినీర్ల అనుభవపు లెక్క. 500 మెగావాట్ల యూనిట్ గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు కాలుస్తుంది. ఒక్క శాతం అంటే గంటకు 3 టన్నులు, రోజుకు 70 టన్నుల పైమాటే. సింగరేణి గనిలో కార్మికులు చెమటోడ్చి తీసిన బొగ్గు అది. ఎండిన ఒక నీటి సీల్ వల్లనో, సున్నం పట్టిన ఒక కూలర్ వల్లనో అది పొగగొట్టం పాలవుతుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు.

ఈ ట్యూబులను శుభ్రం చేసే మనుషుల గురించి కూడా చెప్పుకోవాలి. వాటర్‌బాక్సు లోపలికి మనిషి దిగేది మ్యాన్‌హోల్ గుండా. లోపల ఆక్సిజన్ చాలినంత ఉందో లేదో కొలవకుండా, నీటి వాల్వులకు తాళాలు వెయ్యకుండా, బయట ఒకరిని కాపలా పెట్టకుండా ఎవరినీ దింపకూడదు. ఈ పనికి వచ్చేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు. పర్మిట్ కాగితం వాళ్ల భాషలో చదివి వినిపించడం షిఫ్ట్ ఇన్‌ఛార్జి బాధ్యత.

కొత్తగూడెం దగ్గర పాల్వంచలో, పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రపు (కేటీపీఎస్) ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. పాత యూనిట్లు పోతున్నాయి, మిగిలిన వాటి పని తీరు మారుతోంది. పగలు సౌర విద్యుత్ పెరిగే కొద్దీ థర్మల్ యూనిట్లు మధ్యాహ్నం తగ్గి, సాయంత్రం మళ్లీ పెరగాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు బొగ్గు యూనిట్లు 55 శాతానికీ, దశలవారీగా 40 శాతానికీ లోడు దించగలిగేలా ఉండాలంటున్నాయి. ఇక్కడే కండెన్సర్ వాళ్లకు కొత్త చిక్కు. లోడు తగ్గితే టర్బైన్ మధ్య భాగాల్లోనూ పీడనం తగ్గుతుంది. పూర్తి లోడులో గాలి పీడనం కంటే పైన ఉండే హీటర్లు, వాటికి టర్బైన్ నుంచి ఆవిరి తెచ్చే ఎక్స్‌ట్రాక్షన్ గొట్టాలు కొన్ని తక్కువ లోడులో శూన్యంలోకి జారుకుంటాయి. అప్పటిదాకా ఆవిరి బయటికి ఉబికిన సన్నని సందుల గుండా ఇప్పుడు గాలి లోపలికి దూరుతుంది. సాయంత్రం లోడు పెరిగేసరికి ఆ లీకు మాయమవుతుంది. మరమ్మతు వాళ్లు వచ్చి చూసేసరికి గేజ్ చక్కగా ఉంటుంది. అందుకే ఇప్పుడు వాక్యూమ్ డ్రాప్ పరీక్షను పూర్తి లోడు మీద ఒకసారి, మధ్యాహ్నం తగ్గించిన లోడు మీద మరోసారి చెయ్యాలి. హీలియం సిలిండరు పట్టుకుని హీటర్ల చుట్టూ తిరగాల్సిన సమయం కూడా ఆ మధ్యాహ్నమే.